రోడ్డు కూడా భూమే

యీ మధ్య ఒక అధ్యాపకుల సభలో నగర రవాణా మీద చర్చ జరిగింది. బస్సుల సంఖ్య పెంచాలని, చార్జీలు తగ్గించాలని తీర్మానం రాసుకున్నాము. "నగరంలోని ప్రధాన రహదారులన్నిటి వెంట సైకిళ్ళకు ప్రత్యేకమైన బాట వేయాలి" అనే వాక్యం కూడా చేర్చాలని నేను ప్రతిపాదించాను. సభలో నవ్వులు వినిపించాయి. ఒక మిత్రుడు లేచి, "మాస్టారూ, మనం మాట్లాడుతున్నది కార్మికుల సంగతి. ఆదివారం పొద్దున లక్ష రూపాయల సైకిలెక్కి వొళ్ళు తగ్గించుకునేవాళ్ళ సంగతి వాళ్ళే చూసుకుంటారు లెండి" అన్నాడు. ఆ వాక్యం తీర్మానంలోకి యెక్కలేదు.

ఆ మిత్రుడు ముప్పై యేళ్ళుగా ఉద్యమంలో వున్నవాడు. నిజాయితీపరుడు. కాబట్టే ఆయన మాటకు యిక్కడ జవాబు చెప్పవలసి వస్తున్నది. సైకిలుబాట ధనికుల సరదా అని ధనికులు అనుకుంటే ఆశ్చర్యం లేదు. వారెరిగిన సైకిలు అదే. మనకు యీ అభిప్రాయం యెక్కడినుంచి వచ్చింది? మనం సైకిలును యెవరి కళ్ళతో చూస్తున్నాము?

మొదట లెక్కలు చూద్దాము. వ్యవసాయేతర రంగాల్లో పనిచేసే సుమారు 20 కోట్లమంది పనికి యెలా వెళుతున్నారో 2011 జనాభా లెక్కల్లో నమోదయింది. నడిచి వెళ్ళేవారు నూటికి 22 మందికి పైగా వున్నారు. సైకిలు మీద వెళ్ళేవారు 13 మంది. కారులో వెళ్ళేవారు ముగ్గురికి లోపు. ఆ తరువాతి కాలంలో మోటారుసైకిళ్ళు బాగా పెరిగిన మాట నిజమే. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సైతం దేశంలోని కుటుంబాల్లో దాదాపు సగానికి సైకిలున్నది. కారున్న కుటుంబాలు నూటికి ఎనిమిదికి మించలేదు. మన సభలో నవ్విన మిత్రులు ఆదివారం సైకిళ్ళనే చూశారు. సోమవారం తెల్లవారకముందే క్యారియరుకు అన్నం డబ్బా కట్టుకొని బయలుదేరే వాచ్‌మన్‌ను, తాపీమేస్త్రీని, పేపరు కుర్రాణ్ణి, పాల క్యాన్లు తగిలించుకొని పోయేవాణ్ణి చూడలేదు. కనిపించక కాదు. వారు రోడ్డు అంచున, మట్టిలో, కాలవ పక్కన పోతారు. అంచున పోయేవాడు లెక్కలోకి రాడు. ఇదే అసలు సమస్య.

రోడ్డు అంటే యేమిటి? ప్రజల డబ్బుతో వేసిన, ప్రజలందరికీ చెందిన భూమి. నగరంలో గజం ధర లక్షలు పలికే చోట కూడా యే ఒక్కరి పేరా లేని భూమి అది. పల్లెలో బంజరును యెవరు ఆక్రమించారు, యెన్ని యెకరాలు, పేదలకెంత దక్కింది అని మనం యెన్నో పోరాటాలు చేశాము. నగరంలోని యీ ఉమ్మడి భూమి యెవరి చేతికి పోయిందని మాత్రం యేనాడూ కొలత వేయలేదు. ఒక కారు నిలిచే చోట పది సైకిళ్ళు నిలుస్తాయి. ఆ కారు పగలంతా రోడ్డు మీదనే, పైసా కట్టకుండా నిలబడుతుంది. యిల్లు లేని పేదవాడు అదే రోడ్డు పక్కన నాలుగడుగుల గుడ్డ పరచుకుంటే ఆక్రమణ అంటారు. కారు పన్నెండు చదరపు మీటర్లు ఆక్రమిస్తే పార్కింగు అంటారు!

యీ అన్యాయాన్ని ప్రభుత్వం కూడా కాగితం మీద ఒప్పుకున్నది. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు స్థలాన్ని వాహనాల కోసం గాక మనుషుల కోసం, సమానత్వ దృష్టితో పంచాలని చెప్పింది. ఆ తరువాత మూడేళ్ళకు, 2009లో, హైదరాబాదులో యేమయింది? మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు పేరిట ఆకాశమార్గం తెరిచారు. దాని మీదికి ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. విమానాశ్రయానికి కారులో పోయేవాడు పైన గాలిలో పోతాడు. మోటారుసైకిలువాడు, సైకిలువాడు, పాదచారి కింద స్తంభాల మధ్య, ఆ పైవాడు వదిలిన నీడలో పోతారు. వర్గసమాజాన్ని విద్యార్థులకు బోధించే ఉపాధ్యాయులకు యింతకంటె మంచి బొమ్మ దొరకదు. రెండు అంతస్తులు, పై అంతస్తు ఖర్చు అందరిదీ, వాడకం కొందరిది.

"అయితే హైదరాబాదులో సైకిలుబాట వేశారు గదా!" అనవచ్చు. వేశారు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. బాహ్యవలయ రహదారి పక్కన, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు; మొత్తం 23. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన కప్పుగా సౌరఫలకాలు. వాటినుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. కప్పు మంచిది, నీడ మంచిది, విద్యుత్తు మరీ మంచిది. దీన్ని నేను హేళన చేయను. కాని ఒక ప్రశ్న వేస్తాను: యీ బాట యెవరి యింటినుంచి యెవరి పనిచోటుకు పోతుంది? జీడిమెట్ల కార్మికుడు, బాలానగర్ కార్మికుడు, చర్లపల్లి కార్మికుడు దీన్నెక్కి పనికి పోగలడా? పోలేడు. అది ఆ వైపుకే పోదు. ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేని 158 కిలోమీటర్ల ఎనిమిది వరుసల రహదారిని పట్టుకొని, దానికి అలంకారంగా పోతుంది. యెక్కువమందికి, సైకిలును కారులో వేసుకొని తెచ్చి దించి, తొక్కి, మళ్ళీ కారులో వేసుకొని పోవడానికే అది అనువుగా వున్నది. నా మిత్రుడు నవ్వింది యీ బాటను చూసే. పాలకులు సైకిలును వ్యాయామంగా అర్థం చేసుకున్నారు; మనవాడు పాలకుల అర్థాన్నే అంగీకరించి, దానిమీద కోపంతో సైకిలునే కాదన్నాడు! శత్రువు ఇచ్చిన నిర్వచనం మీద తగవు పడితే గెలిచేది శత్రువే.

యీ నిర్వచనం యెంత క్రూరమైనదో 2020 మే నెలలో దేశమంతా చూసింది. లాక్‌డౌన్‌లో పని పోయి, కూడు పోయి, వేలాదిమంది వలస కార్మికులు సైకిళ్ళ మీద వూళ్ళకు బయలుదేరారు. పదిహేనేళ్ళ బాలిక గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకొని గుర్‌గావ్ నుంచి బీహారులోని దర్భంగా దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కింది. అప్పుడు పెద్దలకు తట్టిన ఆలోచన యేమిటి? ఆ పిల్లను సైక్లింగు క్రీడకు యెంపిక చేసే పరీక్షకు రమ్మని క్రీడా సమాఖ్యవారు పిలిచారు! ఆకలి నుంచి పారిపోవడాన్ని ప్రతిభ అన్నారు. ఆ మరుసటి నెలలోనే, సరిగా ప్రపంచ సైకిలు దినమైన జూన్ 3న, సాహిబాబాదులోని పెద్ద సైకిలు కర్మాగారం తన కార్మికులను పనిలోనుంచి నిలిపివేసింది. శ్రామికుని సైకిలు యే స్థితిలో వున్నదో చెప్పడానికి యీ రెండు వార్తలు చాలు.

ఇక మనవైపు తప్పులు. వాటిని దాచుకుంటే విమర్శ కాదు, ప్రచారం అవుతుంది. కలకత్తా నగరంలో కొన్ని వీధుల్లో పగటివేళ సైకిళ్ళను పోలీసులు నిషేధించడం 2008లో మొదలయింది. అప్పుడక్కడ అధికారంలో వున్నది వామపక్ష ప్రభుత్వమే. ప్రభుత్వం మారిన తరువాత 2013లో ఆ నిషేధం 174 రోడ్లకు పాకింది. సైకిళ్ళు వాహనాల వేగాన్ని తగ్గిస్తున్నవని దానికి చెప్పిన కారణం. యెవరి వాహనాలు? యెవరి వేగం? పాలవాడు, చేపలవాడు, కొరియరు కుర్రాడు జరిమానాలు కట్టారు. నిరసనల తరువాత జాబితాను కుదించారు. 2020లో మహమ్మారి వచ్చి బస్సులు, రైళ్ళు ఆగిపోయినప్పుడు మరికొంత సడలించారు. ఆపదవేళ నగరాన్ని నడపడానికి సైకిలు కావాలి, ఆపద తీరాక రోడ్డు మీద అది కనిపించకూడదు! కార్మికవర్గం పేరు చెప్పే మనం 2008లో ఆ మొదటి ఉత్తర్వును అడ్డుకోగలిగితే, తరువాతివారికి దారి దొరికేది కాదు.

ఢిల్లీ కథ వేరు. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల రోడ్డును కొత్తగా పంచారు. నడుమ బస్సులకు, అంచున సైకిళ్ళకు, నడకకు వేరే బాటలు. లోపాలు లేవని కాదు. కూడళ్ళ దగ్గర సంకేతాలు సరిగా అమరలేదు. కాని గగ్గోలు పెట్టింది బస్సువారు కాదు, సైకిలువారు కాదు. కార్లకు ఆలస్యమవుతున్నదని హైకోర్టుకు వెళ్ళారు. 2012లో కోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. అయినా లాభం లేకపోయింది. కోర్టులో ఓడిన వాదం ప్రభుత్వంలో గెలిచింది. 2016లో ఆ బాటను తవ్వి పారేశారు. దానివల్ల మేలు పొందినవారు లేరా? వున్నారు, వేలల్లో వున్నారు. కాని వారి తరఫున వీధిలోకి వచ్చిన సంఘం లేదు. బాట పోయింది లోపాల వల్ల కాదు, కాపు లేకపోవడం వల్ల.

ఇప్పుడు మిత్రుల అభ్యంతరాలు ఒక్కొక్కటే తీసుకుందాము.

"మన యెండలకు సైకిలు యెక్కడ?" అంటారు. స్పెయిన్ దక్షిణాన సెవిల్ అనే నగరమున్నది. వేసవిలో అక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి నగరపాలనలో సోషలిస్టులతో కలిసి అధికారం పంచుకున్న ఐక్య వామపక్షం సైకిలుబాటల కోసం పట్టుబట్టింది. 2006 నుంచి నాలుగైదేళ్ళలో సుమారు 120 కిలోమీటర్ల బాటలు వేశారు. స్థలం యెక్కడిది? చాలావరకు కార్లు నిలిపే చోటునుంచే తీసుకున్నారు. ముక్కలు ముక్కలుగా గాక, ఒకదానికొకటి కలిసేటట్టు ఒక్కసారిగా వేశారు. అంతకుముందు అక్కడ సైకిలు తొక్కేవారు నూటికి ఒకరు కూడా లేరు. కొద్ది యేళ్ళలోనే సైకిలు ప్రయాణాలు పదింతలు దాటాయి. యెండ మనకు కొత్త కాదు. మిట్టమధ్యాహ్నం తారు కాచేవాడు, ఇటుకలు మోసేవాడు యెండలోనే వున్నాడు. యెండ అభ్యంతరం యెప్పుడూ నీడలో కూర్చున్నవాడి నోటనే వినిపిస్తుంది. కావలసింది చెట్లు, మనం రోడ్ల వెడల్పు పేరిట నరికినవి అవే.

"అది యూరపువాళ్ళ సంస్కృతి" అంటారు. హాలెండువారు పుట్టుకతోనే సైకిలు మీద వున్నారని మనవాళ్ళ నమ్మకం. 1950లలో, 60లలో వారు కూడా కార్ల వెంట పరుగెత్తినవారే. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. బిడ్డను పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత 1972లో "పిల్లల హత్యను ఆపండి" అని రాశాడు. అదే పేరుతో ఉద్యమం లేచింది. తల్లులు, తండ్రులు, పిల్లలు వీధులకు అడ్డంగా నిలిచారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆగిపోతే, కార్లు లేని నగరం యెలా వుంటుందో జనం కళ్ళారా చూశారు. బాటలు అట్లా వచ్చాయి. అది సంస్కృతి కాదు, సాధించుకున్న హక్కు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. నడిచిపోతూ చనిపోయినవారే 32,825 మంది. సైకిలు మీద పోతూ చనిపోయినవారు 4 వేలకు పైగా. వీటిని మనం ప్రమాదాలు అంటున్నాము. గనిలో పైకప్పు కూలితే ప్రమాదమని వూరుకుంటామా? యజమాని దన్నుకర్రలు పెట్టలేదని సమ్మె కడతాము. మరి రోడ్డు మీద?

"ముందు బస్సు సంగతి చూడండి" అంటారు. యిది బలమైన మాట. నేనూ బస్సు తరఫువాణ్ణే. అయితే బస్సుకూ సైకిలుకూ తగవు పెట్టింది యెవరు? అమెరికాలోని నగర రవాణా అధికారుల సంఘం వేసిన లెక్క ఒకటున్నది. పది అడుగుల వెడల్పున్న ఒక వరుసలో కార్లు పోతే గంటకు 600 నుంచి 1,600 మంది పోతారు. అదే వెడల్పు సైకిళ్ళకిస్తే 6,500 నుంచి 7,500 మంది. బస్సులకు విడిగా ఇస్తే 4,000 నుంచి 8,000 మంది. అంటే బస్సూ సైకిలూ ఒక పక్షం, కారు మరొక పక్షం. పైగా బస్సు యింటి గుమ్మం ముందుకు రాదు. నగరం అంచున, అద్దె తక్కువని చేరిన బస్తీలనుంచి బస్టాపుకో మెట్రో స్టేషనుకో రెండు మూడు కిలోమీటర్లుంటుంది. రోజూ రెండుసార్లు ఆటో యెక్కితే కూలిలో ఒక భాగం అక్కడే పోతుంది. ఆ రెండు మూడు కిలోమీటర్లు సైకిలువి.

"రోడ్డుపక్క చిరువ్యాపారుల పొట్ట కొడతారు" అంటారు. యిది నిజమైన భయం. సుందరీకరణ పేరిట తోపుడుబండ్లను నెట్టివేసి, ఆ చోట రంగు పూసి సైకిలుబాట అనడం నగరపాలకులకు చేతకాని పని కాదు. అట్లాంటి బాటను మనమే వ్యతిరేకించాలి. సైకిలుబాటకు స్థలం బండివాడినుంచి, కాలిబాటనుంచి తీసుకోకూడదు. కారు కింది స్థలంలోనుంచి తీసుకోవాలి. పేదవాడి చోటు ఇంకో పేదవాడికిచ్చి సంస్కరణ అనిపించుకోవడం పాలకుల పాత విద్య.

చివరగా అందరికంటె పదునైన అభ్యంతరం: "కార్మికుణ్ణి యెల్లకాలం సైకిలు మీదనే వుంచుతారా? వాడికి మోటారు వద్దా? యిది దారిద్ర్యాన్ని పూజించడం కాదా?" కాదు. యే కార్మికుణ్ణీ సైకిలు దిగవద్దని శాసించే హక్కు నాకు లేదు. కాని వాడు సైకిలు దిగుతున్నది యిష్టపడా, ప్రాణభయంతోనా? తన సైకిలును లారీ రాసుకుంటూ పోతే, యింట్లో భార్య పోరితే, నెలనెలా వాయిదాల మీద మోటారుసైకిలు కొంటున్నాడు. ఆ వాయిదా, ఆ పెట్రోలు అతని పిల్లల పాలలోనుంచి, పుస్తకాల్లోనుంచి పోతున్నవి. జీతం పెంచమని సమ్మె చేసి సాధించిన దాన్ని ఫైనాన్సు కంపెనీకి, చమురు కంపెనీకి ధారపోయడం అభివృద్ధి అవుతుందా? భద్రమైన బాట వేసిన తరువాత కూడా అతను మోటారు కొనుక్కుంటే అది అతని యిష్టం. బాట లేకుండా కొనిపించడం బలవంతం.

ఆడవారి సంగతి మరీ ముఖ్యం. 1991 తరువాత తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పింది. క్వారీ కూలీలు, పొలం కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలాదిగా నేర్చుకున్నారు. యెవరికోసమో యెదురుచూడకుండా బయటికి పోగలగడం యెంత పెద్ద మార్పో వారినే అడగాలి. 2006లో బీహారు ప్రభుత్వం బాలికలకు సైకిళ్ళు యిచ్చే పథకం పెట్టింది; మరికొన్ని ప్రభుత్వాలు ఆ దారినే నడిచాయి. మంచిదే. పిల్లకు సైకిలిచ్చాము, తొక్కడానికి దారి యిచ్చామా? లారీల మధ్యకు తోలామా? మన తెలుగుదేశంలో 1983 నుంచి సైకిలు గుర్తు మీద గెలిచి పలుమార్లు అధికారం చేసిన పార్టీ వున్నది. ఆ గుర్తు ప్రతి గోడకూ యెక్కింది. పట్టణాల్లో సైకిలుకు దారి కావాలన్నది మాత్రం ఆ పార్టీకే గాదు, యే పార్టీకీ ఎన్నికల సమస్య కాలేదు.

సోషలిజం పేరు చెప్పినంత మాత్రాన యీ మోహంనుంచి బయటపడమని చైనా చూపింది. ఒకనాడు ప్రపంచంలో సైకిలుకు రాజ్యమంటే అదే. కార్లు పెరిగే కొద్దీ ఆ విశాలమైన బాటలను కోసి కార్లకిచ్చారు. మరుసటి యేటినుంచి ప్రధాన రోడ్ల మీద సైకిళ్ళే వుండవని 2003 చివర షాంఘై అధికారులు ప్రకటించారు. తరువాత పొగ, ఇరుకు పాఠం చెప్పాయి. 2019లో బీజింగులో హుయ్‌లోంగ్‌గువాన్ నుంచి షాంగ్‌డీ దాకా, అనగా ఉద్యోగుల నివాసాలనుంచి వారి పనిచోట్లకు, ఆరున్నర కిలోమీటర్ల సైకిలు రహదారి వేశారు. మన 23 కిలోమీటర్లకూ ఆ ఆరున్నరకూ తేడా పొడవులో లేదు. అది యిల్లూ పనీ కలుపుతుంది.

కాబట్టి మనం అడగవలసిన బాట యెట్లాంటిదో స్పష్టంగా చెప్పుకోవాలి. రంగు గీత బాట కాదు. గీత మీద కారు నిలబడుతుంది. గట్టు కట్టి వేరు చేసినది కావాలి. మధ్యలో తెగిపోని బాట కావాలి. ముఖ్యంగా కూడళ్ళలో తెగకూడదు, మనిషి చచ్చేది అక్కడే. అది పారిశ్రామికవాడలకు, కాలేజీలకు, ఆసుపత్రులకు, మార్కెట్లకు పోవాలి. స్టేషను దగ్గర సైకిలు భద్రంగా పెట్టుకునే చోటు, దారిలో పంక్చరు వేసేవాడికి నిలువనీడ వుండాలి. ముందు పేదల దారులు, విహారం తరువాత.

పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారని మనం గర్వంగా చెప్పుకుంటాము. ప్రతి వర్ధంతి సభలోనూ చెబుతాము. నిరాడంబరతకు నిదర్శనమని చెప్పి, చప్పట్లు కొట్టి, కార్లెక్కి యిళ్ళకు పోతాము. ఆయన యెక్కింది ఆనాటి సామాన్యుడి వాహనం. పోయింది సామాన్యుడి దారిన. యీనాడు ఒక కార్మికుడు తన సైకిలు మీద శాసనసభ దాకా ప్రాణాలతో పోగలడా అన్నది ఆయన బొమ్మకు దండ వేసే మనం వేసుకోవలసిన ప్రశ్న.

వచ్చే సభలో ఆ వాక్యాన్ని నేను మళ్ళీ ప్రతిపాదిస్తాను. విద్యార్థి సంఘాలు తమ కాలేజీకి వచ్చే దారులను కొలిచి, కార్లకెంత, నడకకెంత, సైకిలుకెంత అని పట్టిక వేసి తేవాలి. కార్మిక సంఘాలు తమ కోర్కెల పత్రంలో జీతం పక్కన దారిని కూడా చేర్చాలి. నగరపాలక ఎన్నికల్లో వోటడగవచ్చిన ప్రతివాణ్ణీ, మన పార్టీవాడైనా సరే, ఆ పట్టిక చూపి నిలదీయాలి. దున్నేవాడికి భూమి అడిగినవాళ్ళం. తొక్కేవాడికి రెండు మీటర్ల దారి అడగడానికి నవ్వెందుకు?